సేటుకు చెప్పు

ఆ మాట విన్నప్పుడు మక్బూల్ కూడా నవ్వాడు. అరుగు నిండా జనం విరగబడి నవ్వుతుంటే తానొక్కడే మూతి బిగించుకుని కూర్చుంటే బాగుండదని నవ్వాడు. నవ్వుతూనే కాలితో మిషిను తొక్కాడు. సూది గీత తప్పి, చంక కుట్టు కాస్తా వంకర పోయింది.

పటాన్‌చెరు బజారులో పాండురంగం బట్టల దుకాణానికి ఆ రోజు ఊపిరాడని గిరాకీ. బొంతపల్లి జాతర దగ్గరపడింది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు బండ్లు కట్టుకుని వచ్చి ధోతులూ చీరలూ రైక గుడ్డలూ కొంటున్నారు. పాండురంగం లోపల గద్దె మీద కూర్చుని గజంబద్దతో గుడ్డ కొలిచి, అంచు పంటితో కొరికి, పర్రున చింపి ఇస్తాడు. బయట అరుగు మీద దర్జీ మక్బూల్ ఉంటాడు. కొన్న గుడ్డ పట్టుకుని మనిషి గడప దాటితే చాలు, మక్బూల్ చేతిలోని టేపు వాళ్ల భుజాల మీదికి చేరుతుంది. ఇద్దరి వ్యాపారాల మధ్యా ఆ గడప ఒక్కటే అడ్డం. పొద్దున్నించి దీపాలు పెట్టేదాకా ఆ గడప మీదుగా ఇద్దరి మాటలూ అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి.

బొంతపల్లి రైతు ఒకడు అంగీ గుడ్డ తీసుకుంటూ, "గింతల నా అంగీ ఎల్తదా సేటూ?" అని అడిగాడు.

"ఎందుకెల్లదు? ఎల్తది, ఇంక మిగులుతది," అన్నాడు పాండురంగం. అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. కానీ ఎదురుగా నలుగురు మనుషులుంటే పాండురంగం నాలుక ఆగేది కాదు. "గని మా మక్బూల్ కత్తెరకు ఆకలి జాస్తి. కోసినకొద్ది తింటది. జెర పైలంగ ఉండు."

జనం నవ్వారు. రైతు కూడా నవ్వి, కొలతలిచ్చి వెళ్లిపోయాడు. ఒక్కొక్కరే ఎవరి బండి వాళ్లు ఎక్కారు. అరుగు చివర కూర్చున్న ముసలామె ఎంకమ్మ మాత్రం కదల్లేదు. ఆమెదీ బొంతపల్లే. జరిగి జరిగి మక్బూల్ పక్కకే వచ్చి కూర్చుంది. తన రైక గుడ్డ మీద అతను సుద్దతో గీతలు గీస్తుంటే చూసింది. కత్తెర ఆడుతుంటే రెప్ప వేయకుండా చూసింది. కోత అయిపోయాక కింద రాలిన ముక్కలన్నీ, వేలెడు పేలికతో సహా, ఏరి కొంగున మూట కట్టుకుంది.

"అంగడి నాడు వస్త. కుట్టి పెట్టు బిడ్డా," అని లేచి పోయింది.

మక్బూల్ కత్తెర మూసి పక్కన పెట్టాడు. పెద్ద ముక్క మిగిలితే ఎవరూ అడగకముందే మడిచి వాళ్ల చేతిలో పెట్టడం అతని అలవాటు. పేలికలు ఎవరికీ అక్కర్లేదు, పొద్దుగూకితే ఊడ్చి పారబోయడమే. దర్జీ అనగానే లోకానికి ఉండే అనుమానం తన అరుగు ఎక్కకుండా ఇన్నేళ్లు కాచుకున్నాడు. ఇవాళ ఒక ముసలామె తన పక్కన గుడ్డకు కాపలా కూర్చుంది. వడ్డించిన మనిషి ముద్దలు లెక్కపెడుతూ నిలబడితే తినేవాడికి ఎట్లా ఉంటుందో, అతనికి అట్లా ఉంది.

లోపల పాండురంగం ఇంకెవరితోనో ఇంకేదో పరాచికమాడుతున్నాడు. ఆ మాట తన నోటి నుంచి వచ్చిన సంగతే అతనికి గుర్తున్నట్టు లేదు.

మర్నాడు పొద్దున మక్బూల్ అరుగెక్కి, రోజూ చెప్పే సలాం చెప్పలేదు. మిషినును రెండు చేతులా పట్టి గర్రున ఈడ్చి, దుకాణానికి వీపు పెట్టి, రోడ్డుకేసి మొహం పెట్టి కూర్చున్నాడు.

"ఏంది, ఎల్తురు సాల్తలేదా?" అన్నాడు పాండురంగం లోపలి నుంచి.

మక్బూల్ సూదికి దారం ఎక్కించబోతూ దారపు కొసను పెదవుల మధ్య పెట్టుకున్నాడు. నోట్లో దారం ఉన్నవాణ్ని మాట్లాడమని ఎవరూ అడగరు. అతను చాలాసేపు ఆ దారాన్ని అట్లాగే ఉంచుకున్నాడు.

పాండురంగం ఒకసారి దగ్గాడు. ఇంకోసారి పలకరించాడు. జవాబు రాకపోయేసరికి గజంబద్దతో గద్దె అంచు మీద టకటక కొట్టుకుంటూ కూర్చున్నాడు. కానీ వ్యాపారం మనుషుల అలకలకు ఆగదు కదా. కర్దనూర్ నుంచి ఒకాయన కూతురికి లంగా గుడ్డ కావాలని వచ్చాడు. పిల్ల ఎత్తుకు ఎంత గుడ్డ పడుతుందో చెప్పవలసింది మక్బూల్.

అరుగు కింద మొగులమ్మ గంపలో వంకాయలు పెట్టుకుని అమ్ముతుంది. పాండురంగం గడప దాకా వచ్చి ఆమెను పిలిచాడు.

"మొగులమ్మా, ఈ పిల్ల లంగకు ఎన్ని గజాలు గావాల్నో గాయనను అడుగు."

గాయన చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. మొగులమ్మ చేతిలో తక్కెడ అట్లాగే నిలిపి, అటు చూసింది, ఇటు చూసింది.

"నువ్వే అడుగరాదు?"

"అడుగు అంటున్న."

ఆమె మక్బూల్ వైపు తిరిగేలోపే అతను, "మూడు అని సేటుకు చెప్పు," అన్నాడు.

"మూడంట," అంది మొగులమ్మ.

"ఇన్న," అన్నాడు పాండురంగం.

"ఇన్నడంట," అని మొగులమ్మ మక్బూల్‌కు చెప్పింది. అప్పటికే ఆమెకు ఆ పని అలవాటైపోయింది.

మధ్యాహ్నానికి బజారంతా ఈ సంగతి తెలిసింది. ఏమీ కొనేది లేనివాళ్లు కూడా వచ్చి అరుగు ముందు నిలబడ్డారు. ఎవరైనా తన చేత ఒక మాట అటు చెప్పించకపోతారా అని వాళ్ల ఆశ. ఎండ మీద పడుతున్నదని గోనెపట్టా దించమని ఒకరి చేత చెప్పించడం, ఇస్త్రీపెట్టె నిప్పు రవ్వలు లోపలికి ఎగురుతున్నాయని ఇంకొకరి చేత చెప్పించడం. కొందరు చెప్పిన మాటను చెప్పినట్టు చేరవేసేవాళ్లు. మొగులమ్మ అట్లా కాదు. ఆమె చేతిలో పడ్డ మాటకు బెల్లం అంటుకునేది. "ఆయన మాట నా దగ్గర ఎత్తకు," అని మక్బూల్ అంటే, ఆమె మెట్టెక్కి, "సేటూ, నీ పేరు తీస్తె పాపం ఆయనకు కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి," అని చెప్పింది. మక్బూల్ వెనక్కి తిరగకుండానే పళ్లు కొరికాడు. తన కళ్లలో నీళ్లు లేవని ఇప్పుడు ఎవరి చేత చెప్పించాలి?

ఆ బెల్లానికి విరుగుడుగా రోడ్డుకవతల పెద్దరాములు ఉన్నాడు. అతనిది చాయ హోటలు. మొన్నటిదాకా ఒకే కేటిల్లో ఇద్దరికీ చాయ అరుగు మీదికే వచ్చేది. ఇప్పుడు ఇద్దరూ వేరువేరు వేళల్లో రోడ్డు దాటి వెళ్లి హోటల్లో తాగుతున్నారు. బల్లలు తుడుస్తూ పెద్దరాములు ఆయన ముందు ఈయన మాట, ఈయన ముందు ఆయన మాట తీస్తాడు. వంటలో కారం వేసే చెయ్యి మాటలో మాత్రం ఊరుకుంటుందా?

"సేటు ఏమన్నడు?" అని మక్బూల్ అడగలేదు. అడగకుండానే పెద్దరాములు చాయ గ్లాసు ముందు పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఉంటె ఉండుమను, పోతె పొమ్మను అంటున్నడు."

మక్బూల్ గ్లాసు పెదవుల దాకా తెచ్చి మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

ఆ తర్వాతి పొద్దున అరుగెక్కేసరికి అతని కాళ్ల దగ్గర ఎప్పుడూ ఇరుగ్గా ఉండే బట్టల మూటలు లేవు. గోడ పొడుగునా పేర్చి ఉండే ఆ మూటల్ని తప్పించుకుంటూ కాలు మడిచి కూర్చోవడం అతనికి ఏళ్ల నాటి అలవాటు. ఇప్పుడక్కడ ఊడ్చి, నీళ్లు చల్లి, ఇంకో మిషిను హాయిగా పట్టేంత జాగా ఉంది. మక్బూల్ ఆ జాగాను చాలాసేపు చూశాడు. ఇంకో మిషిను. పోతే పొమ్మను. రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి కుదురుగా అతుక్కున్నాయి.

లోపలి నుంచి పాండురంగం మెడ చాపి చాపి చూస్తున్నాడు, ఏదో మెప్పు కోసం ఎదురుచూస్తున్న వాడిలాగా. మక్బూల్ ఆ చూపును చూడలేదు. చూసి ఉన్నా దాన్ని ఇంకోలా అర్థం చేసుకునేవాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మక్బూల్ జొన్నరొట్టె తుంచి పప్పులో ముంచాడు గానీ నోట పెట్టుకోలేదు. అతని భార్య గౌసియా బేగం అది గమనించింది. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ అయినా, బజారు తెలుగు అందులో సగం కలిసిపోయి ఉంటుంది.

"చంద్రకళక్క గోడ మీదికెల్లి అడిగింది," అంది గౌసియా. చంద్రకళ పాండురంగం భార్య. రెండిళ్ల పెరళ్లకు మధ్య నడుం ఎత్తు గోడ ఉంది. "మీ ఆయన మా ఆయన మీద ఎందుకు నారాజైండు అని. నాకు తెల్వదంటె నమ్ముతలేదు. నాకు చెప్పకుంట ఉంటవా అంటది."

మక్బూల్ జరిగింది చెప్పాడు. కత్తెర ఆకలి మాట చెప్పాడు. ఎంకమ్మ కాపలా సంగతి చెప్పాడు. చెబుతుంటే అది చాలా చిన్న మాటగా వినిపించి అతనికే సిగ్గేసింది.

గౌసియా నవ్వలేదు. "మరి సేటుకు చెప్పకపోయినవా?"

"ఏమని చెప్పాలె? ఆ గడబిడ దినాలల్ల మంది మన ఇండ్ల మీదికి వస్తుంటె నిన్ను, పిల్లను తీస్కపోయి వాళ్ల లోపలి అర్రల పెట్టి, తను గడపల కూసున్నడు. నా మిషిన్‌ను తన గద్దె కింద దాచిండు. అంత జేసినోని ముందట నిలబడి, నువ్వు నన్ను గింత మాటంటివని అడుగుత? నోరెట్ల వస్తది?"

"నోరు రాకుంటె మరిచిపో."

"మరుపు వస్తలేదు."

"అడుగవు, మరువవు. మిషిన్‌ను తిప్పుకొని కూసుంటవు," అంది గౌసియా. "గది మిషినే గని మనిషి గాదు. అది నీ మాట పోయి ఆయనకు చెప్పదు."

ఆమె ఇంకో రొట్టె అతని ముందు పెట్టింది. అతను దాన్ని చూస్తూ, "రేపు సంగారెడ్డి పోతున్న," అన్నాడు. "ముకుంద్ సేటు ఎన్నడో రమ్మన్నడు. ఆయన అరుగు మీద ఒక దినం కూసోని చూస్త."

ముకుంద్ దుకాణం సంగారెడ్డిలో సర్కారు కచేరీకి పోయే దారిలో ఉంది. అద్దాల అల్మారీల్లో కోటు గుడ్డలు మడతపెట్టి ఉంటాయి. మక్బూల్ తన కత్తెర, టేపు, వేలికి తొడిగే అంగుస్తానా, రొట్టెలు కట్టుకున్న గుడ్డ, అన్నీ ఒక సంచిలో వేసుకుని బస్సు దిగి దుకాణం మెట్లెక్కేసరికి ముకుంద్ లేచి నిలబడ్డాడు.

"రాండ్రి మాస్టర్ సాబ్. కూసోండ్రి. మీ పనితనం నేను చాన దినాల నుంచి ఇంటున్న."

మక్బూల్‌ను ఎవరూ అంత మర్యాదగా పిలిచి ఎరగరు. కూర్చోవడానికి కుర్చీ వేశారు. మిషిను కొత్తది, తొక్కితే చప్పుడు లేకుండా తిరుగుతుంది. వచ్చే గిరాకీలు కచేరీ గుమాస్తాలు. కొలతలు ఇస్తారు, ఎప్పటికి కావాలో చెబుతారు, వెళ్లిపోతారు. మక్బూల్ రెండు పైజామాలు కోసి, ఒక కోటుకు చేతులు అతికాడు. పని ఎంత శుభ్రంగా సాగిందంటే, మధ్యాహ్నం రొట్టె విప్పుకునేదాకా పొద్దున్నించి తను నోరు విప్పలేదని అతనికి తోచలేదు. తింటూ ఒకసారి అలవాటుగా లోపలికి చూసి, "ఏం కూర?" అని అడగబోయాడు. లోపల ముకుంద్ అటు తిరిగి తన భోజనం తాను చేస్తున్నాడు.

పొద్దు వాలాక ముకుంద్ మిషిను దగ్గరికి వచ్చాడు. మొహం నిండా చిరునవ్వు.

"మాస్టర్ సాబ్, కోతల మిగిలినయన్నీ ఆ గంపల ఎయ్యిండ్రి."

మక్బూల్ పేలికలన్నీ గంపలో వేశాడు.

"సంచి ఒకసారి ఇటు చూపెట్టుండ్రి. మీ మీద అనుమానం కాదు సుమా. మా దుకాన్ల ఇదొక రివాజు, అందరికీ ఒకటే."

మక్బూల్ సంచి తెరిచి పట్టుకున్నాడు. ముకుంద్ చేయి పెట్టలేదు. మర్యాదస్తుడు. వంగి, లోపలికి చూసి, తలాడించి, "రేపటి నుంచి మిషిన్ మీదే అనుకోండ్రి," అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మక్బూల్ కోపం కోసం ఎదురుచూశాడు. రుద్రారం దాటింది. రాలేదు. సంచి విప్పి చూపించాను, దొంగ సంచి విప్పినట్టు, అని తనకు తానే చెప్పుకుని చూశాడు. అప్పటికీ రాలేదు. ఇస్నాపూర్ దగ్గర ఎవరో గొర్రెలు తోలుకుపోతుంటే బస్సు ఆగింది. ఆ గొర్రెల్ని చూస్తూ ఉండగా అతనికి సంగతి అర్థమైంది. ముకుంద్ తన గురించి ఏమనుకుంటే తనకేమిటి? అనుకోనీ. పాండురంగం అనుకుంటున్నాడేమో అన్న ఊహకే తనకు అన్నం సహించలేదు. ఇన్నేళ్లలో పాండురంగం నోటికొచ్చిన కూతలన్నీ కూశాడు గానీ, ఒక్కనాడూ తన సంచి వైపు చూడలేదు. సంచి అనేది ఒకటి ఉందని కూడా అతనికి తెలిసి ఉండదు.

అయినా ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది. ముకుంద్ సంచి చూసినందువల్ల పాండురంగం మాట తీపైపోలేదు. దాన్ని చెప్పాల్సిన చోట చెప్పేదాకా అది పోదు. బస్సు మళ్లీ కదిలింది. ఎట్లా మొదలుపెట్టాలా అని పటాన్‌చెరు వచ్చేదాకా అతను లోలోపల మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు అంగడి. మక్బూల్ వెళ్లేసరికి పాండురంగం లోపల గద్దె మీద లేడు. అరుగు మీద, మిషిను పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. కింద మొగులమ్మ వంకాయల మీద నీళ్లు చల్లుతున్నది. పెద్దరాములు కేటిల్ పట్టుకుని అప్పటికే మెట్టు మీద నిలబడ్డాడు. నిన్న దర్జీ సంగారెడ్డి పోయాడని తెలిసినప్పటి నుంచి, తర్వాత ఏమవుతుందో చూడాలని అతనికి నిద్ర పట్టి ఉండదు.

"పెద్దరాములూ, సంగారెడ్డి గాలి ఎట్లున్నదంటనో గాయనను అడుగు," అన్నాడు పాండురంగం.

మక్బూల్ చెప్పులు విడిచాడు. "పెద్దరాములూ, నీ హోటల్ల పాలు పొంగుతున్నయేమో, పోయి చూస్కో. సేటుతోని నాకే మాటున్నది."

"పొంగితె పొంగనియ్," అని పెద్దరాములు అక్కడే కూర్చున్నాడు.

"సేటూ," అన్నాడు మక్బూల్. బస్సులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి ఉన్నది ఉన్నట్టు అనేశాడు. "బొంతపల్లోల్ల ముందట నా కత్తెరకు ఆకలి జాస్తి అన్నవు. నాకది తాకింది."

పాండురంగం నోరు తెరిచి చూశాడు. "నేనన్ననా?"

"అన్నవు."

"నేను గట్ల ఎందుకంట?"

"అన్నవు సేటూ," అంది కింది నుంచి మొగులమ్మ. "నేను గుడ నవ్విన."

పాండురంగం గజంబద్దతో వీపు గోక్కున్నాడు. అతను నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడని మొహం చూస్తే తెలుస్తున్నది. "గిదా సంగతి? నేను మూటల గురించి అనుకున్న."

"ఏం మూటలు?"

"నీ కాళ్లకు అడ్డమైతున్నయని నారాజైనవేమో అని అన్నీ లోపలి అర్రల ఎత్తిపిచ్చిన. ఇంట్ల జాగ లేదు. నేను, చంద్రకళ ఆ మూటల మీద పండుకుంటున్నం."

"నేను ఇంకో దర్జీకి జాగ చేస్తున్నవనుకున్న."

"ఇంకో దర్జీనా? నీ ఒక్కనితోని ఏగుడే నా తోని అయితలేదు."

"ఉంటె ఉండుమను, పోతె పొమ్మను అన్నవంట కద."

"ఎవలన్నరు? నోరిప్పకుంటె నాకెట్ల తెలుస్తది, గట్లనే ఉంటె నేనేం జేద్దు అన్న. గంతే."

ఇద్దరూ ఒకేసారి పెద్దరాములు వైపు తిరిగారు. పెద్దరాములు కేటిల్ మూత సర్దుకుని లేచాడు. "పాలు పొంగినట్టే ఉన్నయి," అని రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

పాండురంగానికి నవ్వు రాబోయింది. మక్బూల్ మొహం చూసి ఆపుకున్నాడు.

"నవ్వులాటకు అన్న మక్బూలూ."

"నాకెరుక. నువ్వు నవ్వులాటకే అన్నవు. గని ఎంకమ్మ నా పక్కన కూసోని కత్తెర దిక్కు చూస్కుంట, పేలికలన్ని ఏరుకొని పోయింది. ఇన్నేండ్లల్ల ఎవలన్న గట్ల జేసిన్రా?"

పాండురంగం గజంబద్దను ఒళ్లోకి తీసుకున్నాడు. కింద ఎవరో వంకాయలు బేరమాడుతున్నారు.

"మరి ఆ దినమే నా అంగీ పట్టుకొని ఎందుకు అడగలే?"

"ఎట్ల అడగాలె? ఆ గడబిడల నువ్వు మాకు చేసింది..."

"దాన్ని ఇందులకు ఎందుకు గుంజినవు?" పాండురంగం గొంతు మొదటిసారి గట్టిపడింది. "ఆ దినం నేను చేసింది నీ నోరు కట్టెయ్యనీకెనా? గట్లనైతె నేను ఏం మాటన్నా నువ్వు మీదికి నవ్వుకుంట కూసుంటవు. లోపల ఏమున్నదో నాకెట్ల తెలువాలె? ఇన్నేండ్ల సంది నువ్వు నవ్విన నవ్వులల్ల ఏది నవ్వో, ఏది కాదో ఇప్పుడు నేను యాడ ఏరుకోవాలె?"

 మక్బూల్ మిషిను చక్రం మీద చేయి పెట్టుకుని నిలబడిపోయాడు. అతను పాండురంగం తన గురించి ఏమనుకుంటున్నాడో అని బాధపడ్డాడు గానీ, తన నవ్వును నమ్ముకుని అవతలి మనిషి బతుకుతున్నాడని ఎన్నడూ అనుకోలేదు.

అంతలో కర్ర పొడుచుకుంటూ ఎంకమ్మ వచ్చింది. రైక కోసం. ఆమెను చూడగానే పాండురంగం లేచి ఎదురుపోయాడు.

"ఎంకమ్మా, ఆ దినం నేను వట్టిగ అన్న. మక్బూల్ చేతికి గుడ్డ ఇస్తె గింజంత పోదు. మనసుల పెట్టుకోకు."

"ఏంది?" అని ఎంకమ్మ తల తిప్పి రెండో చెవి చూపించింది. "ఈ పక్కకెల్లి చెప్పు. ఆ చెవి నాకు ఇనరాదు."

పాండురంగం మళ్లీ చెప్పాడు, బజారంతా వినేట్టు. ఎంకమ్మకు అప్పటికీ ఏమీ అర్థం కాలేదు.

"నేనేం ఇనలే కొడుకా."

"మరి పేలికలు ఎందుకు ఏరుకపోయినవు?" అన్నాడు మక్బూల్.

ముసలామె సిగ్గుపడింది. "మనుమరాలు బాలెంతైంది. పసిగుడ్డుకు బొంత కుడుతున్న. నీ దగ్గర రంగురంగుల ముక్కలు రాలుతయి. మందివి అడిగితె ఏమనుకుంటవో అని నా గుడ్డయే ఏరుకున్న."

"పక్కన కూసోని కత్తెర దిక్కు ఎందుకు చూసినవు?"

"సూడబుద్ధైంది," అంది ఎంకమ్మ. "నీ కత్తెర ఆడుతుంటె మంచిగుంటది."

పాండురంగం రెండు చేతులూ గాలిలోకి ఎత్తాడు. "ఇన్నవా? ఇన్నవా మక్బూలూ? ఆమె ఆ మాట ఇననే లేదు."

"ఆమె ఇనలే," అన్నాడు మక్బూల్. "నేను ఇన్న కద సేటూ."

పాండురంగం చేతులు మెల్లగా కిందికి దిగాయి. కాసేపు గజంబద్ద మీది గీతల్ని బొటనవేలితో రుద్దాడు.

"అవును," అన్నాడు. "నువ్వు ఇన్నవు. తప్పైంది."

అతనికి ఆ మాట అలవాటు లేదు. పిల్లవాడు కొత్త చెప్పులు తొడుక్కున్నట్టు అటూ ఇటూ కదిలాడు. మక్బూల్ మిషిను కింద మొన్న ఊడ్వకుండా వదిలిన పేలికలు, ఎర్రవీ పచ్చవీ పూలవీ, రెండు దోసిళ్ల నిండా తీసి ఎంకమ్మ కొంగులో పోశాడు. లోపలి నుంచి పాండురంగం చీటిగుడ్డ థాను కొస ఒకటి చింపి తెచ్చి పైన వేశాడు. మొగులమ్మ కూడా ఉండబట్టలేక రెండు వంకాయలు వేసింది. బొంతలోకి వంకాయలెందుకని ఎవరూ అడగలేదు.

బజారుకు మాత్రం ఆ రోజు కాస్త నిరాశే. మాట చేరవేయడానికని వచ్చినవాళ్లు అరుగు ముందు తచ్చాడి, తమను ఎవరూ పిలవకపోయేసరికి, ఊరికే పోలేక తలా ఒక తువ్వాలు కొనుక్కుని పోయారు. మక్బూల్ మిషినును మళ్లీ గర్రున ఈడ్చి ఎప్పటి చోట పెట్టాడు. పెద్దరాములు ఒకే కేటిల్లో చాయ తెచ్చి, ఎవరి వైపూ చూడకుండా పోసి వెళ్లాడు.

గిరాకీ పలచబడ్డాక పాండురంగం గద్దె దిగి వచ్చాడు. భుజం మీద తెల్లటి లాంగ్‌క్లాత్ గుడ్డ ఉంది.

"జాతరకు నాకొక అంగీ గావాలె. నేను కొత్తది తొడుక్కోకుంటె చంద్రకళ గుడికి రానంటున్నది. కొలువు."

అతను చేతులు చాపి నిలబడ్డాడు. మక్బూల్ భుజం కొలిచాడు, చేతులు కొలిచాడు, మెడ కొలిచాడు. తర్వాత టేపు నడుం చుట్టూ తిప్పాడు. రెండు కొసలూ కలవడానికి కాస్త ఇబ్బంది పడ్డాయి. అరుగు మీద ఇంకా నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మక్బూల్ నాలుక కూడా ఆ క్షణంలో ఆగలేదు.

"సేటూ, నా టేపు అయిపోయింది. ఇగ బండి తాడు తేవాల్సిందే."

అరుగంతా నవ్వింది. మొగులమ్మ గంప పక్కకు పెట్టి మరీ నవ్వింది. అందరికంటే గట్టిగా పాండురంగం నవ్వాడు. కానీ మక్బూల్ వేళ్లు ఇంకా టేపు మీదే ఉన్నాయి. ఆ వేళ్ల కింద పొట్ట బిర్రుగా లోపలికి పోవడం, ఊపిరి బిగుసుకోవడం అతనికి తెలిసింది. అంత నవ్వు నవ్వుతున్న మనిషి ఊపిరి అట్లా ఉండదు.

మక్బూల్ కొలత చూస్తున్నట్టు వంగి, పాండురంగానికి మాత్రమే వినిపించేలా అడిగాడు. "తాకిందా?"

పాండురంగం రోడ్డు మీద పోతున్న లారీని చూస్తూ కాసేపు ఆలోచించాడు.

"జెర," అన్నాడు.

"మస్తా?"

"లే. జెరంతనే."

అని పట్టి ఉంచిన ఊపిరి వదిలేశాడు. మక్బూల్ టేపును వదులు చేసి, ఈసారి ఉన్న పొట్టను ఉన్నట్టుగా, మళ్లీ కొలిచాడు.